మా చిన్న లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నాం
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న కార్యవర్గానికి, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సంఘాల నుంచి ఇంటి పనులు, మెస్ పనులు, కుట్టు పనులు పక్కనపెట్టి వచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు మా నమస్కారాలు. మేము ముగ్గురం, ఈ మూడు బస్తీల సంఘాల లెక్కలు కంప్యూటర్లో ఎక్కించేవాళ్లం. మా లాప్‌టాప్‌ను మేమే ఎట్లా బాగుచేసుకున్నామో చెప్పమని కార్యవర్గం అడిగింది. బాగుచేసుకున్నది చెప్తాం. దానికన్నా ముందు చెడగొట్టుకున్నది కూడా దాచకుండా చెప్తాం. ఎందుకంటే మీకు ఎక్కువ ఉపయోగపడేది అదే.

లాప్‌టాప్ సంగతి మీకు తెలుసు. సమాఖ్య సేవా నిధి నుంచి తీర్మానం రాసుకుని, సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్లు అమ్మే చోట కొన్నది. పదకొండు అంగుళాల తెర, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం. చంకలో పెట్టుకుని ఒక సంఘం మీటింగు నుంచి ఇంకో సంఘం మీటింగుకు నడిచిపోవచ్చని చిన్నదే తీసుకున్నాం. రెండేళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత మొరాయించింది. మీట నొక్కి, చాయ్ పెట్టుకుని, తాగి వచ్చినా తెర పూర్తిగా వచ్చేది కాదు. స్థలం నిండిపోయిందనీ, అప్‌డేట్ వేయలేననీ రోజూ ఒకటే మాట. దానికితోడు అందులో ఉన్న విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. ఆ తర్వాత కొంతకాలం భద్రతా అప్‌డేట్లు తీసుకునే ఏర్పాటు విడిగా ఉన్నా, ఎప్పటికైనా విండోస్ 11కు మారాల్సిందే. మన దాంట్లో ప్రాసెసర్ పాతది కాబట్టి విండోస్ 11 ఎక్కదు. రిపేరు షాపులో చూపిస్తే, "ఇది పక్కన పడేసి కొత్తది కొనుక్కోండి మేడమ్" అన్నారు.

కొత్తది కొనడం అంటే ఎవరి డబ్బు? నెలనెలా మీరు చీర కొంగులో ముడివేసి తెచ్చే పొదుపు డబ్బు. అందుకే కొందామని తీర్మానం పెట్టడానికి మాకు మనసొప్పలేదు. అప్పుడు అశోక్‌నగర్‌లో మెస్ నడిపే మన అక్క ఒక దారి చూపింది. ఆమె దగ్గర అన్నం తినే పిల్లలు నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని గ్రూప్స్‌కు చదువుకుంటారు. వాళ్లలో ఒకబ్బాయి లాప్‌టాప్ మన దానికన్నా పాతదట, అయినా పరుగెత్తుతున్నదట. "దాంట్లో విండోస్ లేదు అక్కా, లినక్స్ ఉంది" అన్నాడట. మాలో మొదట వచ్చిన మాట, "గిది మనతోని అయితదా?" అని. ఆ అబ్బాయి ఒక ఆదివారం వచ్చి కూర్చుంటానన్నాడు. కానీ మీట మాత్రం మేమే నొక్కాలని షరతు పెట్టాడు.

ఇంతకీ ఈ ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటి? కంప్యూటరులో తెర, కీబోర్డు, ప్రింటరు, ఫైళ్లు అన్నీ ఒకదాని మాట ఒకటి వినేలా నడిపించే పెద్ద ప్రోగ్రాం. సంఘంలో లీడరు ఎట్లాగో అది అట్లా. విండోస్ ఒక కంపెనీది. లోపల ఏం రాశారో బయటివాళ్లు చూడలేరు. లినక్స్ అట్లా కాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, అందరూ చదవగలిగే, మార్చుకోగలిగే, పంచుకోగలిగే సాఫ్ట్‌వేర్ ఉండాలని పని మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ కెర్నల్ రాసి అందరికీ ఇచ్చాడు. ఆ మరుసటి ఏడాదే, 1992లో, మన దేశంలో నాబార్డ్ పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. రెండూ దాదాపు ఒక ఈడువే. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే మీరు లినక్స్ ఇప్పటికే వాడుతున్నట్టు లెక్క, దాని లోపలి కెర్నల్ అదే.

ఉచితం అనగానే నాసిరకం అనుకోవద్దు. మన పద్ధతిలో చెప్పుకుందాం. మీటింగులో లెక్కల పుస్తకం తెరిచి అందరి ముందు చదువుతాం. ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే ఎత్తిచూపొచ్చు. పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసి, "లెక్క సరిగానే ఉంది, నన్ను నమ్మండి" అంటే మనం ఒప్పుకుంటామా? లినక్స్ తెరిచిన పుస్తకం. ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది చదివి, తప్పులు దిద్దుతుంటారు.

లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. మన దేశంలో సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థ వాలంటీర్లు తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తెచ్చారు. మేము తీసుకున్నది లినక్స్ మింట్, అందులోనూ తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. దానికి కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ స్థలం ఉండాలి. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయి. 2024లో వచ్చిన మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. ఒక జాగ్రత్త. మరీ పాత చిన్న లాప్‌టాప్‌లలో కొన్నింటిది 32 బిట్ ప్రాసెసర్. వాటికి ఇది ఎక్కదు. ముందే చూసుకోండి.

ఇక పని. దీన్ని నాలుగు మెట్లుగా చెప్తాం.

మొదటి మెట్టు పెన్‌డ్రైవ్ తయారుచేయడం. మింట్ వాళ్ల సైటు నుంచి ఐఎస్ఓ అనే ఒకే పెద్ద ఫైలు దించుకోవాలి, సుమారు 3 జీబీ ఉంటుంది. దించుకున్న ఫైలు చెడిపోలేదని సరిచూసుకునే అంకెల వరుస కూడా అక్కడే ఇస్తారు, పోల్చుకోవాలి. ఆ ఫైలును 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు. రూఫస్, ఎచర్ లాంటి ప్రోగ్రాంతో ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవన్నీ పోతాయి. పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ తేవద్దు.

రెండో మెట్టు వేయకముందే నడిపి చూడటం. లాప్‌టాప్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కాలి. ఒక్కో కంపెనీకి ఒక్కో మీట, ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ ఇట్లా. అందులో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. లోపలి విండోస్‌ను ముట్టుకోదు. చీర కొనేముందు భుజం మీద వేసుకుని చూసినట్టు, ఇక్కడే అన్నీ చూసుకోవాలి. వైఫై దొరుకుతుందా, శబ్దం వస్తుందా, మౌస్ కదులుతుందా, తెర వెలుతురు తగ్గుతుందా. మాకు వైఫై దొరకలేదు. ఫోనును కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చి, తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫైకి కావలసిన డ్రైవరు చూపించింది.

మూడో మెట్టు ఇన్‌స్టాల్ చేయడం. భాష, కీబోర్డు, మన కాలమానానికి కోల్‌కతా, పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. మధ్యలో ఒక పెద్ద ప్రశ్న వస్తుంది. విండోస్ పక్కనే ఉంచాలా, డిస్క్ మొత్తం చెరిపి వేయాలా అని. మనకు ఉన్నదే 64 జీబీ, రెండూ పట్టవు. చెరిపి వేయాలనుకున్నాం. ముందురోజే లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాం కదా అనుకున్నాం. మాలో ఒకరు మీట నొక్కారు. అరగంటలో పని అయిపోయింది. లాప్‌టాప్ మళ్లీ తెరిస్తే చాయ్ పెట్టుకునే టైము కూడా ఇవ్వలేదు. చప్పట్లు కొట్టుకున్నాం.

ఆ సాయంత్రం లెక్కలు తెరుద్దామని చూస్తే గత మూడు నెలల వాయిదాల ఫైలు లేదు.

డాక్యుమెంట్స్ ఫోల్డరు మొత్తం కాపీ చేసుకున్నాం. కానీ మూడు నెలలుగా వాయిదాల షీటు మాత్రం చేతికి అందుబాటుగా ఉంటుందని డెస్క్‌టాప్ మీద పెట్టి నింపుతున్నాం. అది డాక్యుమెంట్స్‌లో లేదు. కాపీ చేసినవాళ్లకు ఆ సంగతి గుర్తు రాలేదు, నొక్కినవాళ్లు అడగలేదు, పక్కన కూర్చున్నవాళ్లు చూడలేదు. షాపులో చూపిస్తే రాదన్నారు.

పోతే పోయింది, రిజిస్టరు ఉంది కదా అనుకుంటారు. అక్కడే మా రెండో తప్పు బయటపడింది. "లాప్‌టాప్‌లో ఎక్కించినం కదా" అని రెండు సంఘాల్లో ఆ మూడు నెలలు రిజిస్టరు రాయడమే మానేశారు. మేము కూడా అడగలేదు. పుస్తకాలు సక్రమంగా రాయాలన్నది మన పంచసూత్రాల్లో ఒకటి. మీటింగు మొదట్లో నోటితో చెప్తూనే ఉన్నాం, చేతితో వదిలేశాం.

రెండు ఆదివారాలు కూర్చున్నాం. సభ్యుల పాస్‌బుక్కులు, బ్యాంకు చలాన్ ముక్కలు, ఫోన్లలో పంపిన మెసేజ్‌లు అన్నీ ముందేసుకున్నాం. ఒక్కో నెల బ్యాంకులో కట్టిన మొత్తం చలాన్‌లో ఉంటుంది. పాస్‌బుక్కుల్లో ఉన్నవి కూడితే ఆ మొత్తం రావాలి. చాలావరకు పైసాతో సహా సరిపోయింది. ఒక సంఘంలో ఒక నెల మాత్రం ఆగింది. ఇద్దరి పాస్‌బుక్కుల్లో ఆ నెల ఎంట్రీ లేదు. ఇద్దరూ 1,500 రూపాయల వాయిదా కట్టామన్నారు. చలాన్ లెక్క ప్రకారం తేడా 1,500 మాత్రమే, అంటే ఒక్కరిదే.

అక్కలారా, ఆ గదిలో ఆ సాయంత్రం ఎట్లా ఉందో చెప్పలేం. పన్నెండేళ్లుగా ఒకే చాప మీద కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మీట నొక్కిన మా చెల్లె లేచి, "నా చేతి నుంచి ఇస్త, నా పేరు లెక్కల పని నుంచి తీసేయండి" అన్నది. ఆ సంఘంలో అందరికన్నా పెద్దావిడ, సంతకం నేర్చుకున్నది కూడా సంఘంలోకి వచ్చాకే, ఆమె అన్నది: "ఇద్దరు కట్టి ఉండొచ్చు. చేతి ఖర్చుకు తీసింది రాయక పోయి ఉండొచ్చు. రాయనిది మనమందరం. ఒక్కదాని నెత్తిన ఎందుకు పెడతరు?"

ఇద్దరూ కట్టినట్టే రాశారు. తక్కువైన 1,500ను పదిమంది సభ్యులు తలా 150 వేసుకున్నారు, ఆ ఇద్దరితో సహా. తప్పు సంఘానిది, సమాఖ్యది అని మినిట్స్‌లో రాసి సంతకాలు పెట్టారు. మా చెల్లె లెక్కల పని మానలేదు. ఈ రోజు మాతో పాటు ఇక్కడే నిలబడి ఉన్నది. ఆ నెల ఏం జరిగిందో మాకు ఇప్పటికీ తెలియదు, ఇక ఎవరినీ అడగం కూడా.

ఆ తర్వాత రాసుకున్న నియమాలు నాలుగు. లాప్‌టాప్ మూత లోపల కాగితం మీద అంటించాం. ఒకటి, ముందు పుస్తకం, తర్వాతే కంప్యూటరు. రెండు, లెక్కల ఫైళ్లు రెండు పెన్‌డ్రైవ్‌లలో, రెండు వేర్వేరు ఇళ్లలో. మూడు, ఏదైనా చెరిపే ముందు ముగ్గురు వేర్వేరుగా ఆ కాపీని ఇంకో కంప్యూటర్లో తెరిచి, చివరి ఎంట్రీ తేదీ చదివి వినిపించాలి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ కూడా చూడాలి. నాలుగు, నొక్కే మీట ఒకరిదైనా నిర్ణయం ముగ్గురిది. ఆపరేటింగ్ సిస్టం పోతే అరగంటలో మళ్లీ వేసుకోవచ్చు. లెక్క పోతే నమ్మకం కూడబెట్టుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలుసు.

ఇక నాలుగో మెట్టు, మనకు తగినట్టు సర్దుకోవడం. ముందు అప్‌డేట్ మేనేజర్ తెరిచి అన్నీ వేయించాం. టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాం ఉంది, సిస్టం చెడిపోతే పాత తేదీకి తీసుకుపోతుంది. కానీ అది మామూలుగా కాపాడేది సిస్టంను, మన ఫైళ్లను కాదు. ఇది గుర్తుంచుకోండి. స్థలం తక్కువ కాబట్టి రెండు కాపీలే దాచమని పెట్టుకున్నాం. చిన్న తెర మీద ఒక్కోసారి కిటికీ అడుగున ఉన్న ఓకే బటన్ కనిపించదు. ఆల్ట్ మీట పట్టుకుని మౌస్‌తో కిటికీని పైకి లాగితే వస్తుంది. ఈ చిన్న ఉపాయం తెలియక మేము ఒక పూట పోగొట్టుకున్నాం.

లెక్కలకు లిబ్రే ఆఫీస్ అందులోనే వస్తుంది. పాత ఎక్సెల్ షీట్లు తెరుచుకున్నాయి, కూడికలు వడ్డీలు సరిగానే చూపించాయి. అయినా ఒక్కో సంఘం షీటును పుస్తకంతో పోల్చాకే నమ్మాం.

తెలుగు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారు 1928లో ఆడపిల్లల కోసం తెలుగులో చదువు చెప్పే ఉన్నత పాఠశాల పెట్టించారు. నిజాం రాజ్యంలో చదువులు ఉర్దూలో సాగే కాలమది. మన భాషలో నేర్పితే ఆడపిల్లలు ఎంత దూరమైనా పోతారని వాళ్లు నమ్మారు. ఆ బడి ఉన్న బస్తీలోనే మనం మీటింగులు పెట్టుకుంటూ, లెక్కల షీటులో పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తున్నాం. చదవలేని సభ్యురాలు తన అప్పు ఎంతుందో ఇంకొకరిని అడగాల్సి వస్తున్నది.

అందుకని సెట్టింగుల్లో ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ అనేదాన్ని, దానికి తోడు ఎం17ఎన్ అనే ప్యాకేజీని వేసుకున్నాం. అందులో తెలుగుకు చాలా పద్ధతులున్నాయి. ఇన్‌స్క్రిప్ట్ అనేది ప్రభుత్వ ప్రమాణం. ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి హల్లులు. నేర్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది గానీ వేగం వస్తుంది. ఇంగ్లిషు అక్షరాలు వచ్చినవాళ్లకు ఆర్‌టీఎస్ సులువు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న మన తెలుగువాళ్లు తయారుచేసిన పద్ధతి అది. పి, ఓ, డి, యు, పి, యు అని కొడితే పొదుపు అని వస్తుంది. పోతన, వేమన పేర్లతో ఉచిత ఫాంట్లు కూడా దొరుకుతాయి. మెనూలను తెలుగులో పెట్టుకోవచ్చు, కొన్ని మాటలు మాత్రం ఇంకా ఇంగ్లిషులోనే కనిపిస్తాయి.

పాత తీర్మానాల ఫైళ్లు తెరిస్తే మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. చెడిపోయాయని భయపడ్డాం. చెడిపోలేదు. అవి డీటీపీ సెంటర్లో పాత పద్ధతి ఫాంటుతో కొట్టించినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు కనిపించదు. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాంలు ఉన్నాయి. మార్చాక వత్తులు, అంకెలు ఒక్కొక్కటి సరిచూసుకోవాలి. ఇకమీదట ఏది కొట్టించినా యూనికోడ్‌లోనే ఇవ్వమని అడగండి. అప్పుడు అది ఫోన్‌లోనూ కనిపిస్తుంది, పదేళ్ల తర్వాతా కనిపిస్తుంది.

కుదరనివి కూడా చెప్పాలి. మన పాత ప్రింటరు దీంతో కలవలేదు. పీడీఎఫ్ చేసి అశోక్‌నగర్ జిరాక్స్ షాపులో తీయించుకుంటున్నాం. వేలిముద్ర యంత్రాల్లాంటి కొన్ని పరికరాలకు విండోస్ కోసమే ప్రోగ్రాంలు ఉంటాయి. మీ పని వాటి మీద ఆధారపడితే ముందే కనుక్కోండి, తొందరపడి చెరపవద్దు. బ్రౌజరులో నడిచే పనులకు మాకు ఇబ్బంది రాలేదు.

ఇప్పుడు ఆ లాప్‌టాప్ నిమిషంలోపే తెరుచుకుంటున్నది. అది మాకు సంతోషమే. అంతకన్నా పెద్ద సంతోషం వేరే ఉంది. పోయిన నెల మీటింగులో, 1,500 విషయంలో ఆ మాట చెప్పిన పెద్దావిడ తెర దగ్గరికి వంగి, తన పేరు తెలుగులో చూసుకుని, పక్కన ఉన్న అంకె తానే చదివింది. ఆ తర్వాత చేతిలో ఉన్న పాస్‌బుక్కు తెరిచి, రెండూ ఒకటేనా కాదా అని సరిచూసుకుంది. అందరం అట్లాగే సరిచూసుకోవాలని మా కోరిక.

ఎవరి ఇంట్లోనైనా, ఏ సంఘంలోనైనా పాత లాప్‌టాప్ పక్కన పడి ఉంటే మాకు చెప్పండి. ఒక ఆదివారం కూర్చుందాం. వచ్చేటప్పుడు ఖాళీ పెన్‌డ్రైవ్‌లు మూడు తెచ్చుకోండి, ఒకటి లినక్స్‌కు, రెండు మీ ఫైళ్లకు. వాటితో పాటు మీ సంఘం లెక్కల పుస్తకం, ఈ నెల వరకు రాసినది, తప్పకుండా తెండి. పుస్తకం లేకపోతే పెన్‌డ్రైవ్ పెట్టం. మీట మాత్రం మీరే నొక్కాలి. మేము పక్కన కూర్చుంటాం.